లారీకి నాలుగు హద్దులు

ఎండుచేపల వాసనా, డీజిలు పొగా కలిసి తగిలితే ఎవరైనా జేబురుమాలు వెతుక్కుంటారు. నేను మాత్రం నిలబడిపోతాను. నిన్న ట్రంకు రోడ్డు మీద ఒక చేపల లారీ పోయింది. దాని వాసన పెన్నా వంతెన దాకా సాగింది. అందులో సగం నేనే పీల్చుకుని ఉంటాను. ఆ వాసన వెనకాలే దానియేలు గారు నడిచి వస్తారు మరి.

ఆయన నెల్లూరులో వకీలు. అరవైల మొదట్లో నేను ఆయన దగ్గర జూనియర్ని. ఆయన నల్లకోటు ఎంత పాతదంటే, అది నల్లకోటేనని సాక్షుల్ని పిలిచి రుజువు చేయాల్సి వచ్చేది. గొంతు మాత్రం కొత్తది. ఆయన గుసగుసలాడితే అంత దూరాన మైపాడు సముద్రంలో పడవలు వెనక్కి తిరిగేవి.

ఆ మైపాడు నుంచే ఒకరోజు మరియమ్మక్క వచ్చింది. భర్త పోయాక ఆమెకు మిగిలినవి రెండు చేపల లారీలు. వాటిని ఒక కాంట్రాక్టరుకు మూడేళ్ల కౌలుకిస్తానంది. దానియేలు గారు చర్చి పని మీద దొరవారిసత్రం పోతూ, "కాగితం నువ్వు రాయబ్బయ్యా" అన్నారు. నాకు తెలిసింది పొలం కౌలే. పాత నమూనా ముందు పెట్టుకుని, 'పొలం' అని ఉన్నచోటల్లా 'లారీలు' అని రాస్తూ పోయాను. చివర్న నాలుగు హద్దులు వచ్చాయి. చేయి ఆగలేదు. తూర్పున సముద్రం, పడమర వెలుగొండలు, ఉత్తరాన కావలి, దక్షిణాన సూళ్లూరుపేట. ఇద్దరూ చదివించుకుని వేలిముద్రలు వేశారు.

గడువు తీరాక అక్క లారీలు అడిగితే కాంట్రాక్టరు నవ్వాడట. "కౌలు పొలానికుంటాది గానీ చక్రాలకుంటాదా అక్కా? ఆ కాగితం చెల్లదు. లారీలు నువ్వు నాకు అమ్మేసినావు."

"అయ్యా, అవి పోతే మా పిలకాయలు యాడికి పోవాల?" అని అక్క మా ఆఫీసులో కూలబడింది.

దానియేలు గారు కాగితం చదువుతూ హద్దుల దగ్గర ఆగారు. సిగ్గుతో నేను నేలలోకి ఎంత దిగానంటే, మంచినీళ్లు పడ్డాయి.

"ఏందబ్బయ్యా ఇది?"

"పొలం నమూనా సార్. తప్పు నాదే."

"నాకెందుకు, ఆమెకు చెప్పు. చెప్పి, వచ్చి కూర్చో."

చెప్పాను. అక్క కళ్లు తుడుచుకుని, "అయితే సముద్రం దాకా నా లారీలేనా?" అంది.

కోర్టులో అవతలి వకీలు ఆ హద్దులు చదివాడు. హాలంతా నవ్వింది. బయట వేపచెట్టు మీద కాకులు కూడా ఆగి ఆగి నవ్వాయి. దానియేలు గారు నవ్వులన్నీ అయిపోయేదాకా ఆగి, బోనులో ఉన్న కాంట్రాక్టరును అడిగారు.

"ఈ మూడేళ్లలో సూళ్లూరుపేట దాటినారా?"

"లేదు సార్."

"పక్కనే మద్రాసు గదా. అంత బేరం వదులుకుని ఎందుకాగినారు?"

"కాగితంలో అంతవరకే ఉండాది గదా సార్!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. దానియేలు గారు జడ్జిగారి వైపు తిరిగారు. "అయ్యా, నమూనా తప్పే. మా జూనియరు ఒప్పుకున్నాడు. కౌలనండి, బాడుగనండి, పేరేదైనా సరే. అమ్మేసినోళ్లు బండి యాడికి పోతే మాకేమనుకుంటారు. ఇంతవరకే తిప్పుకో అనేది, అది తిరిగి ఇంటికి రావాలనుకున్నోళ్లే."

లారీలు మైపాడు చేరాయి.

తర్వాత కొన్నేళ్లకు, కోర్టు మెట్లు ఎక్కలేని రోజున, ఆయన తన కోటు విప్పి నాకు తొడిగారు. "అమ్మలేదబ్బయ్యా. కౌలుకే."

"హద్దులు సార్?"

"నువ్వే రాసుకో. అలవాటే గదా!"

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా రాతలో తప్పు దొరికితే ఇప్పటికీ ముందు కక్షిదారుకు చెప్తాను, ఆ తర్వాతే కూర్చుంటాను. కోటుకు గడువు రాసుకోలేదు గనక ఎప్పుడు అప్పగించాలో తెలియదు. తూర్పున సముద్రం దాకా మాత్రం అది ఆయనదే.