వాడని కంచం మీద పన్ను

మా అమ్మ బతికున్నన్నాళ్లూ ఒక్క రూపాయి ఆదాయపు పన్ను కట్టలేదు. రెండు బర్రెలు పెట్టుకుని గద్వాలలో హోటళ్లకు పాలు పోసిన మనిషికి ఆ శాఖతో ఏం పని? పోయాక మాత్రం కట్టింది, నా చేత. అదీ ఆమె చేసిన పనికి కాదు, చేయని పనికి.

సంగతంతా ఒక వెండి కంచం గురించి. మా దిక్కు కంచాన్ని తల్లె అంటారు. మేమిద్దరం అక్కాచెల్లెళ్లం ఇంకా బడికి పోతున్న రోజుల్లో అమ్మ పాల పైసలు కూడబెట్టి, గద్వాల బజారులో ఒక సేటు దుకాణం నుంచి దాన్ని తెచ్చుకుంది. అంతకుముందు మా ఇంట్లో వెండి అంటే కాళ్ల పట్టీలే. తినే కంచం వెండిది కావాలని కోరుకోవడం మా వంశంలో అదే మొదలు. "పాలు పోసుకునేటోళ్లకు వెండి తల్లె ఎందుకే" అని నాన్న అడిగితే, "నేను తినేటందుకు" అందట. ఆ జవాబు అక్కకు ఇప్పటికీ గుర్తు.

కొనడమైతే కొన్నది. తినడమే మిగిలింది.

మొదట మంచిరోజు చూడాలంది. మంచిరోజు వచ్చాక, మంచిరోజున ఎంగిలి చేయడమెందుకని లక్ష్మీదేవి పటం ముందు పెట్టింది. తర్వాత దానికి తగిన మనిషి రావాలంది. అక్క పెళ్లయి పెద్దల్లుడు మొదటిసారి ఇంటికొస్తే తీస్తుందనుకున్నాం. "ఇప్పుడే వెండి తల్లెల పెడితె రేపు బంగారు తల్లె అడుగుతడు" అంది. నా పెళ్లయ్యాక మా ఆయన నాగర్‌కర్నూల్ నుంచి కొత్తల్లుడి హోదాలో దిగాడు. "పెద్దల్లునికి పెట్టంది చిన్నల్లునికెట్ల పెడ్తం? ఆయన మొకం ఏడ బెట్టుకుంటడు" అంది. న్యాయమైన మాటే. ఆ న్యాయం వల్ల మా ఇద్దరి మొగుళ్లూ ఆ ఇంట్లో స్టీలు కంచాల్లోనే తిన్నారు. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన రోజు నేనే నోరు తెరిచి అడిగాను. "జర పక్కా కానియ్యి, అప్పుడు చూద్దాం" అంది. పక్కా అయింది. అప్పటికి నేను అడగడం మరిచిపోయాను, ఆమె గుర్తు చేయలేదు.

ఏటా దీపావళికి ముందు దాన్ని పెట్టె అడుగు నుంచి తీసి, విభూతి పెట్టి తోమి, తళతళలాడేదాకా తుడిచి, కాసేపు ఒళ్లో పెట్టుకుని చూసుకునేది. మళ్లీ పాత ధోవతి గుడ్డలో చుట్టి లోపల పెట్టేసేది. తను మాత్రం అందరూ తిన్నాక పొయ్యి పక్కన కూర్చుని, అంచు నొక్కుకుపోయిన సత్తు పళ్లెంలో తినేది. చివరి రోజుల్లో జావ తాగింది కూడా స్టీలు గ్లాసుతోనే. పెట్టె ఆమె మంచం కిందే ఉంది. కంచం అందులోనే ఉంది. మాలో ఎవరికీ దాన్ని తీయాలని తోచలేదు.

నాన్న అమ్మకన్నా ముందే పోయాడు. ఆమె పోయాక చీరలు పంచుకున్నాం, ఇత్తడి సామాను పంచుకున్నాం. కంచం దగ్గర ఆగిపోయాం. బిడ్డలు ఇద్దరు, కంచం ఒకటి. అక్క "నువ్వు తీస్కో చెల్లె" అనేది, నేను "నువ్వే తీస్కో అక్కా" అనేదాన్ని. ఇద్దరం అంటూనే ఉన్నాం గానీ ఇద్దరి చేతులూ దాని అంచు వదల్లేదు. ఇట్లా అయితే రేపు మాటలు కూడా ఉండవని భయమేసి, అమ్మేసి చెరి సగం తీసుకుందామనుకున్నాం.

గద్వాల బజారులో అమ్మితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. దినాలు అయిన్నో లేదో తల్లి వెండి అమ్ముకున్నరు అంటారు. పైగా సేటు తూకం వేసి, తరుగు తీసి, కరగబెట్టేస్తాడు. ఆన్‌లైన్ అయితే ఎవరికీ తెలియదు, పాత పనితనానికి ధర కూడా పలుకుతుందని మా ఆయన సలహా. పాత వస్తువులు అమ్ముకునే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని, ప్రకటన రాసే పని నేనే తీసుకున్నాను.

నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. సంస్థానాల పాఠం నాకు నిద్రలో కూడా వస్తుంది. ఆ పాండిత్యమంతా అక్కడ ఒలకబోశాను. "సంస్థానాల కాలం నాటి పురాతన వెండి కళాఖండం. రాచరికపు శైలి. మూడు తరాలుగా మా వంశంలో భద్రంగా ఉన్నది. ఎన్నడూ వాడలేదు." సంస్థానాలు పోయిన ఎన్నో ఏళ్లకు, బర్రె పాల పైసలతో కొన్న కంచానికి నేను ఒక్క పూటలో మూడు తరాలు సంపాదించి పెట్టాను. మా ఆయన చదివి, "నీ సబ్జెక్టుతోని ఇన్నేండ్లకు ఒక ఫాయిదా కనబడ్డది" అన్నాడు.

మొదటి మెసేజీలన్నీ "లాస్ట్ ఎంత" అనే రెండు మాటలే. ఒకాయన పాత ఫోను తీసుకుని కంచం ఇమ్మన్నాడు. ఇంకొకామె అలాంటివే ఆరు ఉంటే చెప్పమంది. చివరికి బెంగుళూరు నుంచి ఒక పెద్దమనిషి బేరం కుదుర్చుకుని, తానే రైల్లో వచ్చాడు. గద్వాల స్టేషన్లో బెంచీ మీద ధోవతి గుడ్డ విప్పాను. ఆయన కంచాన్ని వెలుతురుకు పెట్టి తిప్పితిప్పి చూసి, ఒక్క గీత కూడా లేదే అని మురిసిపోయాడు. "మా అమ్మ ఎన్నడూ వాడలేదండి" అన్నాను గర్వంగా. అక్కడికక్కడే డబ్బు నా ఖాతాకు పంపి, తిరుగు రైలెక్కాడు. గుడ్డ కూడా తీసుకుపోయాడు. సగం డబ్బు నేను అక్కకు పంపాను.

కొన్నాళ్లకు ఆయన ఒక ఫొటో పంపాడు. అందులో ఎవరో ముసలాయన మా కంచంలో అన్నం కలుపుకుంటున్నాడు. కింద "మా నాన్న రోజూ ఇందులోనే తింటున్నారు" అని రాసి ఉంది. నేను దండం బొమ్మ ఒకటి పెట్టి ఫోను పక్కన పడేశాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

జూలై వచ్చింది. వనపర్తిలో మా టీచర్లందరి పన్ను లెక్కలు ఒకాయనే చూస్తాడు. మేం ఆడిటర్ సార్ అంటాం. తాను ఆడిటర్‌ను కానని ఆయన ఏటా చెబుతాడు, మేం వినిపించుకోం. "జీతం గాక ఇంకేమన్న ఆమ్దాని ఉన్నదా మేడం" అని తలెత్తకుండా అడుగుతాడు. జవాబు ఎప్పుడూ లేదనే కాబట్టి తలెత్తాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. ఈసారి నేను నోరు జారాను.

"మా అమ్మ వెండి కంచం ఆన్‌లైన్ల అమ్మినం సార్. వారసత్వంగ వచ్చిందే గదా, దానికేం ఉండదు గదా."

ఆయన తలెత్తాడు. "వచ్చినందుకు ఏం లేదు మేడం. అమ్మినందుకు ఉంటది."

తర్వాత ఓపికగా విడమరిచి చెప్పాడు. ఇంట్లో వాడుకునే సామాను, అంటే బట్టలు, మంచాలు, గిన్నెల్లాంటివి అమ్ముకుంటే లాభం మీద పన్ను లేదు. అమ్మ కొన్నది రెండువేల ఒకటికి ముందు కాబట్టి, పన్ను పడితే మాత్రం ఆ ఏడాది ఏప్రిల్ నాటి ధర తీసేసి మిగిలిందంతా లాభమే. వెండి ధర అప్పటికీ ఇప్పటికీ ఎక్కడ పోలిక? "తల్లె వెండిదైనా సరే, మీ అమ్మ దాంట్ల తింటె అది ఇంటి సామాను. తినకుండ పెట్టెల బెడితె అది ఆస్తి. తిన్నదా?"

"దీపావళికి పూజల పెట్టేది సార్."

"పూజల పెడితె వాడకం కిందికి రాదంటరు."

లక్ష్మీదేవి అందులో తిన్నట్టు రుజువు కావాలి కాబోలు. అల్లుళ్లకన్నా పెట్టిందా అని అడిగాడు. లేదన్నాను. ప్రకటన చూపించమన్నాడు. ఫోను అందుకుని చదివి, కళ్లద్దాల మీది నుంచి నన్ను చూశాడు.

"మీరు రాజులా మేడం?"

"కాదు సార్. బర్లుండె."

"మరి గిదేంది?"

"ధర కోసం రాసిన."

"మంచిగ రాసిండ్రు. కళాఖండమైతె వాడినా పన్నే." మళ్లీ ఫోన్లోకి చూశాడు. "ఎన్నడు వాడలేదని రాసిండ్రు. ఇది గూడ ధర కోసమేనా?"

సంస్థానం అబద్ధం, రాచరికం అబద్ధం, మూడు తరాలు అబద్ధం. ప్రకటన మొత్తంలో నిజమైన మాట అదొక్కటే. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు, నాకు పన్ను లెక్కలో తెలిసింది. బెంగుళూరు ముసలాయన ఫొటో చూపించి, మరి వీళ్లు రేపు అమ్ముకుంటే అని అడిగాను. వాళ్లు రోజూ తింటున్నారు కాబట్టి వాళ్లకు పన్ను లేదన్నాడు.

నా మొహం చూసి ఆయనకు జాలేసినట్టుంది. "పరేషాన్ గాకుండ్రి. యాప్‌లల్ల అందరు గట్లనే రాస్తరు. మీ అమ్మ రోజు దాంట్లనే తినేదని మీరు, మీ అక్క ఒక కాగితం మీద సంతకాలు పెట్టియ్యుండ్రి. ఎవరన్న అడిగితె చూపిద్దం. ఎవరడుగుతరు?"

పక్కనే జిరాక్సు దుకాణంలో టైపు చేయించాను. కాగితమంటే దానికో భాష ఉంటుంది కదా. "మా తల్లిగారు ప్రతి దినము ఈ వెండి కంచములోనే భోజనము చేసెడివారు" అని చెప్పి రాయించాను. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. నేను వాటిని ఇంకాస్త పెద్దవి చేశాను. కట్టాల్సిన పన్ను మరీ పెద్ద మొత్తమేం కాదు, అదీ నాకొక్కదానికే. అక్కది వ్యవసాయం, ఆమె సగం పన్ను పరిధిలోకే రాదు. అయినా ఊరికే కట్టడానికి మనసొప్పలేదు. సంతకం ముందు పెద్దది పెట్టాలి కదా అని రెండు బస్సులు మారి మానవపాడు పోయాను.

అక్క పత్తి చేలో కలుపు తీయించి అప్పుడే ఇంటికొచ్చింది. కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చుంది. సంగతంతా చెప్పి కాగితం ఇచ్చాను. కళ్లద్దాలు లోపలున్నాయంటూ నన్నే చదవమంది.

చదివాను. పకపకా నవ్వింది.

"ఇంకోపారి చదువు."

ఇంకోసారి చదివాను. ఈసారి నవ్వలేదు. "చదువుతాంటె కండ్లకు కట్టినట్టున్నది చెల్లె. వెండి తల్లె ముందల బెట్టుకొని, జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఆమె అడిగింది మనం పెడుతుంటె తింటున్నది."

మూడోసారి ఆమె అడగలేదు. నేనే చదవబోయి, భోజనము అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, వచ్చిన పని గుర్తొచ్చి పెన్ను చేతికిచ్చాను.

"పెట్ట" అంది.

"ఎందుకక్కా? ఎవరు అడగరంట."

"ఎవరడగకుంటె మనకు తెల్వదా? కడుపున పుట్టినోళ్లం, ఒక్కనాడు గూడ ఆమెకు దాంట్ల పెట్టలే. ఇయ్యాల పన్ను తప్పించుకునేటందుకు పెడ్తమా?"

అక్క లోపలికి పోయి డబ్బు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పన్నులో సగమట. నీకు పన్ను పడదక్కా, సేద్యం చేసేవాళ్ల లెక్క వేరు అని ఆడిటర్ సార్ చెప్పిందంతా చెప్పబోయాను.

"గదంత నాకు తెల్వదు. అమ్మ తిననందుకు నువ్వొక్కదానివే కట్టుడేంది? నేను గూడ ఆమె బిడ్డనే."

తీసుకున్నాను. ఇక పనికిరాదు కదా అని కాగితం చించబోతే అక్క చేతిలోంచి లాక్కుంది. కళ్లద్దాలు వెతికి పెట్టుకుని, పెదాలు కదుపుతూ తనే ఒకసారి చదువుకుంది. నాలుగు మడతలు పెట్టింది. లోపల పెట్టె తెరిచి, పట్టుచీరలు పైకి లేపి, వాటి అడుగున దాచి మూత వేసింది.

మా ఇంట్లో మంచి వస్తువులు పెట్టుకునేది అక్కడే.