తొడ ఎముకకు నేను చేసిన ప్లేటు

తన ఎముకను తానే బాగుచేసుకోబోయి మనిషి ఎంత నవ్వులపాలు కావచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. ముప్పై ఏళ్ల వయసులో బైకు మీంచి పడి కుడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను. డాక్టరు లోపల స్టీలు ప్లేటు బిగించి, ఎముక అతికేదాకా కాలు మోపవద్దన్నారు.

మాది తుడియలూరులో పంపుల వర్క్‌షాపు. స్టీలు సంగతి నాకొకరు చెప్పాలా? రెండో నెలలోనే ఊతకర్రలు మూలన పడేసి లేత్ మిషను ముందు నిలబడ్డాను. అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చచ్చిందట. అన్నీ తెలిసిన నాకు అయిదో నెలలో తొడలో టక్కుమంది.

ఎక్స్‌రేలో ఎముక అతకనే లేదు, ప్లేటు రెండు ముక్కలు. "ఈసారీ అతక్కపోతే జన్మంతా కర్రే," అన్నారు డాక్టరు. నిజంగా భయపడ్డాను. భయపడినవాడు ఊరుకోవాలి కదా, నేను వర్క్‌షాపులో కుర్చీ వేయించుకుని, రెండింతల మందంతో ప్లేటు చేసి, అద్దంలా మెరుగు పెట్టాను.

"ఏమిరా అది?" అన్నాడు నాయన.

"నా కాలికి నాయినా. వాళ్ల సరుకు నాసి."

"సరే, డాక్టరుకు చూపిద్దాం. నేనూ వస్తా ఉండా."

ఆ మెత్తదనం చూసైనా నేను అనుమానించాల్సింది.

నేను ప్లేటు చుట్టి తెచ్చిన తువ్వాలును డాక్టరు విప్పి చూశారు. "పని బాగుంది తంబీ. కానీ ఎముక అతకనిదే ఏ ప్లేటైనా ఊగి ఊగి విరుగుతుంది."

"ఇది విరగదు సార్."

అప్పుడు నాయన నోరు విప్పాడు. "మొన్న ఒకడు విరిగిన బోల్టు తెచ్చి మన పంపును తిట్టినాడే. ఏమి చెప్పి పంపినావురా?"

నాకు అలవాటైన పాఠం. హుషారుగా అప్పజెప్పాను. "బోల్టుది తప్పు కాదు. కింద కాంక్రీటు గట్టిపడక ముందే మోటారు ఆడించినాడు. తప్పు ఆ బుద్ధిలేనోడిది."

డాక్టరు నా కాలి వైపు చూశారు. నాయన ఫ్యాను వైపు చూశాడు. నేను ఎటు చూడాలో తెలియక నా ప్లేటు వైపు చూశాను.

విరిగిన ప్లేటు తీసి, ఎముక లోపల కడ్డీ దించి, తుంటి నుంచి తీసిన ఎముకతో అంటు కట్టారు. నెలల తరబడి నాయన భుజమే నాకు ఊతకర్ర.

"మోటారు ఆడించేదా నాయినా?" అని రోజూ అడిగేవాణ్ని.

"ఇంకా గట్టిపడలేదు, ఉండు," అనేవాడు.

ఎముక అతికింది. నాయన ఇప్పుడు లేడు. ఆ భుజం గుర్తొస్తే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి.

నా ప్లేటును ఆయనే వర్క్‌షాపు తలుపుకు గడియగా బిగించాడు. ఇరవై ఏళ్లయినా విరగలేదు. ఆ గడియ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తలుపులకు తప్ప ఎవరి తొడకూ ప్లేటు చేయను.