విమలాదేవి బుక్ చేసిన యాట

సుందరమ్మ బొట్టు పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా నుదుటి మీద ఉంటుంది. మిగతా వేళంతా టిఫిన్ డబ్బా మూత లోపల అంటుకొని ఉంటుంది. దబీర్‌పురా నుంచి నడుచుకుంటూ వచ్చి, మొఘల్‌పురా గల్లీ మలుపులో పాలబూత్ అద్దం ముందు ఆగి ఆ స్టిక్కర్ పెట్టుకుంటుంది. తిరుగుదారిలో అదే అద్దం ముందు తీసేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే తంతు.

అలాగని పనిలో చేరేటప్పుడు ఆమె అబద్ధమాడలేదు. భర్త ఇస్సాకు రైల్వే గ్యాంగ్‌మన్. పట్టాల పనిలో కాలు విరిగి ఆర్నెల్లు మంచాన పడ్డప్పుడు, పసుపు, ఎండుమిర్చి హోల్‌సేల్ చేసే వైకుంఠం సేటు ఇంట్లో వంటమనిషి కావాలన్నారని తెలిసింది. పక్కింటామె బొట్టు పెట్టి మరీ పంపింది. సేటు తల్లి ఈమె పేరడిగింది. సుందరమ్మ అని చెప్పింది. ముసలావిడ పప్పుచారు పెట్టించి, రుచి చూసి, రేపటి నుంచి రమ్మంది. ఏ దేవుణ్ని మొక్కుతావని ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు. ముసలావిడ పోయి పదేళ్లయినా ఆ ప్రశ్న అట్లాగే ఉండిపోయింది.

గుడ్డు కూడా గడప దాటని ఇల్లది. సుందరమ్మ ఇంట్లో మాత్రం ఆదివారం చర్చి నుంచి రాగానే యాట కూర వండాల్సిందే. పొట్టేలైనా మేకపోతైనా ఇక్కడి వాళ్ల నోట యాటే. ఇక ఏడాదికి ఒక్కరోజు, డిసెంబరు ఇరవై అయిదున, ఆమెకు జ్వరం వస్తుంది. ఆ రోజు పనికి రాదు. ఇరవై రెండేళ్లలో ఆ జ్వరం ఒక్కసారీ తేదీ తప్పలేదు.

ఒకరోజు సేటు భార్య విమలాదేవి వంటింట్లో పీట వేసుకొని గోకరకాయలు తుంచుతూ, మాటల మధ్యలో మామూలుగానే అంది.

"సుందరమ్మా, డిసెంబర్ల మా బిడ్డ స్రవ్య యాట్ బుక్ చేసింది. వారం రోజులు. వంట మాత్రం నువ్వే చెయ్యాలె."

సుందరమ్మ చేతిలో గరిటె ఆగింది. పాతబస్తీలో బక్రీదు ముందు యాట బుక్ చేసుకోవడం వింతేమీ కాదు. కానీ ఈ ఇంట్లోనా?

"యాటనా అమ్మా?"

"అవ్. మస్తు పెద్దదట. ఎనిమిది మందికి సరిపోతదట. తెల్లగ ముద్దుగున్నది, ఫోటో చూసిన."

"ఏడ అమ్మా?"

"సెయింట్ విన్సెంట్ల."

సుందరమ్మ గరిటెను గిన్నె మీద పెట్టేసింది. యాట, డిసెంబరు, సెయింట్. ఈ మూడూ ఒక్క ఊపిరిలో ఊరికే వస్తాయా? తన సంగతి ఎవరో చెప్పేశారు. ఉన్నవాళ్లు నేరుగా తిట్టరు కదా, పీట వేసుకొని కూచొని, గోకరకాయలు తుంచుకుంటూ మెల్లగా పొడుస్తారు. కానీ విమలాదేవి ముఖంలో కోపం లేదు, వెటకారమూ లేదు. అదే సుందరమ్మకు మరీ అంతుపట్టలేదు.

ఇంటికెళ్లి ఇస్సాకుకు చెప్పింది. అతను గడ్డం గోక్కున్నాడు.

"గాళ్లు తినరు గద, మరి యాటెందుకు?"

"గదే నాకు సమజ్ అయితలేదు."

"అయితే ఎర్కయిందే. గాళ్లు అనకముందే నువ్వే చెప్పు. ఇజ్జత్ అన్న దక్కుతది."

మర్నాడు సేటు కొట్టుకు వెళ్లేదాకా ఆగి, సుందరమ్మ విమలాదేవి ఎదుట చేతులు కట్టుకొని నిలబడింది.

"అమ్మా, మేము ఏసుప్రభువును మొక్కుతం. ఆదివారం యాట వండుత, తింట. గని మీ వంటింట్ల ఎన్నడు నీసు ముట్టలే. నా బిడ్డల మీద ఒట్టు. నన్ను తీసేస్తే తీసెయ్యుండ్రి గని, గిట్ల యాట తెచ్చి పరీక్ష పెట్టకుండ్రి."

విమలాదేవి నోరు తెరుచుకొని చూసింది. ఏ యాట అంది. మీరు బుక్ చేసిన యాట అంది సుందరమ్మ. అర్థమవడానికి విమలాదేవికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కూడా నవ్వలేదు. లేచి ఫోను తెచ్చి చూపించింది.

యాట కాదు, యాట్. తెల్లటి తెరచాపల పడవ. దానిలో పడక గదులు, వంటగది, ఫ్రిజ్ అన్నీ ఉన్నాయి. వెస్టిండీస్ వైపు ఎక్కడో గ్రెనడీన్స్ అని చిన్న చిన్న దీవులట, సెయింట్ విన్సెంట్ అన్నది వాటి పక్కన పెద్ద దీవి పేరట. అద్దం లాంటి నీళ్లలో తాబేళ్లు ఈదుతున్నాయి. పడవ ముందు కట్టిన వలలో ఇద్దరు దొరలు కాళ్లు చాపుకొని పడుకున్నారు.

"వీళ్లు ఏం పని చేస్తున్నరమ్మా?"

"ఏం చెయ్యరు. గాలెటు కొడితే అటు పోతరు, తింటరు, పంటరు. గందుకే గన్ని పైసలు." విమలాదేవి ఫోను వైపే చూస్తూ అంది. "పెండ్లయి నలభై ఏండ్లు. ఒక్కదినమన్న మీ సేటు పొద్దుగూకెదాక నా పక్కన కూసున్నడా? స్రవ్య లొల్లి పెడితే ఒప్పుకున్నడు. గని సుందరమ్మ వంట ఉంటేనే వస్త అన్నడు. నీ చేతిది తప్ప తినడు గద."

ఆ మాటకు సుందరమ్మకు కళ్లు చెమర్చాయి. కానీ విమలాదేవి అక్కడితో ఆగలేదు.

"నువ్వు నోరు తెరిసి గిట్ల చెప్పకుంటే అయిపోతుండె. ఇగ నాకు తెల్వదని ఎట్లనాలె? ఆయనకు తెలిస్తే ముద్ద మింగడు."

లేచి లోపలికి వెళ్లిపోయింది. నాలుగయ్యేదాకా బయటికి రాలేదు. ఆ మాటకు అర్థమేమిటో సుందరమ్మకు బోధపడలేదు. పని ఉన్నట్టా, తీసేసినట్టా? ఒక్క అక్షరం తప్పు విన్నందుకు ఇరవై రెండేళ్ల పొయ్యిని చేతులారా ఆర్పుకున్నానా అని దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది.

తెల్లారి పాలబూత్ అద్దం ముందు డబ్బా మూత తీసింది. పెట్టుకుంటే తెలిసి మోసం చేసినట్టు, పెట్టుకోకపోతే పని వద్దనుకున్నట్టు. ఎటూ తేలక, మూత బిగించి బోసి నుదుటితోనే వెళ్లింది.

హాల్లో సేటు పేపరు చదువుతున్నాడు. విమలాదేవి వంటింటి గుమ్మంలోనే ఎదురొచ్చి, ఆమె నుదుటి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"సేటు ఇంక కొట్టుకు పోలే. డబ్బా మూతకున్నది తీసి పెట్టుకో."

సుందరమ్మ డబ్బా మూత తీసింది. మూత సంగతి ఈమెకెప్పటి నుంచి తెలుసు? గోడ వైపు తిరిగి బొట్టు పెట్టుకుంది. ప్రాణం కుదుటపడింది, సిగ్గుతో తల కూడా వంగింది. దాచింది తానా, ఈమెనా అన్నది ఎంతకీ తేలలేదు.

విమలాదేవి పీట వేసుకొని కూచుంది. ఈసారి హాల్లోకి వినబడేట్టే మాట్లాడింది.

"పాస్‌పోర్టుకు ఆధార్ కార్డు తెచ్చుకో. ఇరవై నాడు యాట్ ఎక్కుడు, ఇరవై ఏడు నాడు దిగుడు. నడుమల ఇరవై అయిదు నాడు మాత్రం వంట నేను చేస్త."

"మీరెందుకమ్మా?"

"నీకు జ్వరమొస్తది గద."