ఇంటిపేరు గడిలో పాలమూర్‌కర్

ఆ రోజుల్లో నాకు కంప్యూటర్ బాగా వచ్చునని కామాటిపురాలో మా తెలుగువాళ్లుండే వరసగదుల చాళ్లన్నీ నమ్మేవి. నేనూ నమ్మాను, అదే నా కర్మ. గ్రాంట్ రోడ్‌లో పెళ్లిపత్రికలు టైపు చేసే ఉద్యోగం నాది (ఇప్పటికీ అదే, కుర్చీ మాత్రం మారింది). మా వాళ్లకు సంబంధాలు కుదిర్చే సంబంధాల మామ ఒకనాడు సంచీడు చీటీలు తెచ్చి నా ముందు బోర్లించాడు. "బిడ్డా, ఇవన్ని నీ డబ్బల పెట్టు. ఎవ్వరికి ఎవ్వరు కుదురుతరో గదే చెప్పాలె" అన్నాడు. పైసా అడగకుండా ఒప్పుకున్నాను. ఆ చీటీల్లో ఎదురు చాల్ పీకో పిల్లది కూడా ఉంది మరి. ఫోరస్ రోడ్ దుకాణంలో చీరలకు పీకో, ఫాల్ కుట్టేది గనక ఆ పేరు. కంప్యూటర్ ఆమె పేరు పక్కన నా పేరు చూపిస్తే చాలు, మామే వెళ్లి అడుగుతాడని నా ఆశ.

పేరుకో గడి, తండ్రి పేరుకో గడి, ఇంటిపేరుకో గడి చొప్పున నడుం పడిపోయేదాకా ఎక్కించాను. ఒకే ఇంటిపేరువాళ్లు వరసకు అన్నాచెల్లెళ్లు కదా, వాళ్లను జత కలపకుండా ఫిల్టర్ పెట్టాను. ఎవరికి ఎవరు కుదిరారో మనిషికో కాగితం చొప్పున అచ్చు తీశాను. నా కాగితం చూస్తే పీకో పిల్ల లేదు. ఉన్నది మా బాబాయి కూతురు, ఏటేటా నాకు రాఖీ కట్టే పిల్ల. నేను తల పట్టుకునేలోపే మామ కాగితాలన్నీ చంకన పెట్టుకుని పోయాడు. ఆయనకు చదువు రాదు. "అల్లుడు దొరికిండు, నువ్వే చదువుకో" అని కట్టంతా మా బాబాయి చేతికే ఇచ్చాడట.

"అన్న కొడుకు అల్లుడెట్లయితడు మామా" అన్నాడట బాబాయి, కూతురి కాగితంలో నా పేరు చూసి. ఇక చాల్ అంతా నవ్వే. నల్లా దగ్గర మా చెల్లెలు, "అన్నా, ఈపారి రాఖీ కట్టాల్నా, దండ వెయ్యాల్నా?" అంది.

తప్పెక్కడో వెతికితే బడిలో దొరికింది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండకూడదని మరాఠీ టీచరు మా బాబాయి పిల్లలకు తాత పేరు రాసింది. నన్ను మాత్రం ఏ ఊరని అడిగి, పాలమూరు అనగానే వాళ్ల పద్ధతిలో పాలమూర్‌కర్ అని రాసేసింది. పీకో పిల్లనూ అదే అడిగి, అదే రాసిందట. అట్లా సొంత చెల్లెలు పరాయిదైంది, పరాయి పిల్ల నాకు చెల్లెలైంది. మామ దగ్గరికి పరుగెత్తి, ఫిల్టర్ తీసేస్తే నాకూ పీకో పిల్లకూ కుదురుతుందని చెప్పాను.

"నీ డబ్బ మాట ఇని ఖాలీపీలీ, ఉత్తగనే నా ఇజ్జత్ పోయింది. ఇంక చాలు బిడ్డా."

"మరి ఆమె కాగితం?"

"గది మంచిగనే వచ్చింది. ధారావి పిల్లగాడు. మాటిచ్చిన."

ఆ పెళ్లిపత్రిక నేనే టైపు చేశాను. ఏడుపొచ్చింది, అయినా అక్షరం తప్పు పోనివ్వలేదు.

మొన్న ఆమె తన కూతురి పెళ్లిపత్రిక కోసం దుకాణానికి వచ్చింది. పని అయ్యాక లేవకుండా, "అప్పుడు నా కాగితంల నీ పేరు కోసం చూసిన. లేకుండె" అంది.

"ఫిల్టర్ పెట్టి ఉండె" అన్నాను.

"తీసెయ్యరాదా గది?"

"తియ్యొచ్చు. ఒక్క నొక్కుడే."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. డబ్బా ముందు నడుం విరగ్గొట్టుకున్న ఆనాటి పాలమూర్‌కర్ మీద కాస్త జాలేసి, రెండు చాయ్‌లు చెప్పాను.