ఆ ఎండదెబ్బ నాది

లేదు, ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను: ఆ ఉదాహరణ నాది. గుండె నాది, చెవులు నావి, అరికాళ్ళు నావి. వాటిని తీసుకెళ్ళి నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ పిల్లల ముందు పెట్టి చప్పట్లు కొట్టించుకోవడానికి మా పెద్దమ్మ కూతురికి ఏం హక్కుంది? పొద్దున్నే మా ఇంటివాళ్ళ గ్రూపులో వీడియో వచ్చింది. నాకంటే ఎనిమిది నెలలే పెద్దదైన మా అక్క బోర్డు ముందు నిలబడి, ఉద్వేగాల గురించి మనస్తత్వ శాస్త్రం ఇన్నేళ్ళుగా ఏమేం అనుకుంటూ వచ్చిందో పాఠం చెప్తోంది. కింద మా అమ్మ పెట్టిన గులాబీలు. నా రీలుకి ఒక్కదానికైనా మా అమ్మ గులాబీ పెట్టిందా? సరే, అది వేరే గొడవ.

ఇద్దరం పీజీ చదువుతున్న రోజులు, ఒకే సబ్జెక్టు, వేరే వేరే ఊళ్ళు. పరీక్షలకు చదువుకోమని మా అమ్మ నన్ను సిటీ నుంచి ఆత్మకూరులో అవ్వ దగ్గరికి పంపింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. బస్సు దిగేసరికి అక్క ఎదురుగా నిలబడి ఉంది, అవ్వ పెట్టెలోని గద్వాల చీర కట్టుకొని. ఆవపువ్వు రంగు నూలు, వంకాయ రంగు పట్టు అంచు. ఆ చీర నాదేనని నేను ఐదో తరగతిలోనే నిర్ణయించేసుకున్నాను. సెలవులకు వెళ్ళినప్పుడల్లా అవ్వ పెట్టె తెరిచి అంచు తడిమి చూసి మళ్ళీ మడత పెట్టేదాన్ని. అవ్వకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలా?

"ఏందే గట్ల జూస్తున్నవ్? కాలేజీల ఫంక్షన్ ఉండె, అవ్వ ఇచ్చింది. మంచిగున్ననా?"

"బాగుంది" అన్నాను. ఇంటికి చేరేసరికి గుండె దడదడ, చెవులు మంట. అవ్వ నుదుటి మీద చెయ్యి వేసింది. "అయ్యో, ఎండదెబ్బ తాకింది బిడ్డకు! ఉల్లిగడ్డ తేపో."

"అవ్వా, దీనికి తాకింది ఎండ గాదు" అంది అక్క.

"నువ్వు జర నోర్మూస్కొని మజ్జిగ తే."

అవ్వ ఉల్లిగడ్డ దంచి ఆ రసం నా అరికాళ్ళకు సాయంత్రం దాకా రుద్దుతూ కూర్చుంది. మీరు నవ్వుతారు గానీ, నేను నిజంగా నమ్మాను. ఎండదెబ్బ అని స్టేటస్ కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున ముగ్గురం వేరుశనక్కాయలు ఒలుస్తున్నాం. చీర పోయినా చదువులో నేనే ముందని చూపించాలి కదా, ఫోన్లో నోట్సు తెరిచి పాఠం మొదలుపెట్టాను. మొదట్లో ఒక పెద్దాయన ఒళ్ళే ముందన్నాడు: వణుకుతున్నామని తెలిసి భయపడతాం, ఏడుస్తున్నామని తెలిసి బాధపడతాం. తర్వాత ఇంకొకాయన లేచి, భయానికీ కోపానికీ జ్వరానికీ గుండె ఒకేలా కొట్టుకుంటుంటే ఏది ఏదో ఒళ్ళెలా చెప్తుంది, మెదడులోంచి రెండూ ఒక్కసారే బయల్దేరతాయన్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు రాజీ కుదిర్చారు: ఒంట్లో కలకలం ఒకటే, చుట్టూ చూసి దానికి పేరు పెట్టుకునేది మనమే.

అక్క కాయ చిట్లించడం ఆపింది. "అంటే పేరు తప్పు గూడ పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోవచ్చు."

"మరి నిన్న నీకు తాకిందేందే?"

గుప్పెడు పొట్టు దాని మొహాన కొట్టాను. అవ్వ తల ఎత్తలేదు, ఒలుస్తూనే ఉంది.

అదంతా వీడియోలో ఉంది. చీర, ఉల్లిగడ్డ, పొట్టుతో సహా. "సిటీ నుంచి వచ్చిన మా చెల్లె" అని మొదలుపెట్టగానే పిల్లలు విరగబడి నవ్వారు. అక్కడికే నేను ఫోను విసిరేసేదాన్ని. కానీ చివర్లో అక్క గొంతు కాస్త తగ్గించింది. ఆ సాయంత్రం వంటింట్లో అవ్వ తనతో ఏమందో చెప్పింది.

"నాకు తెల్వదానే, దానిది కడుపుమంటని? గా పేరు పెడితే పిల్ల మళ్ల తలెత్తి నీ మొఖం జూస్తదా? ఎండదెబ్బంటే ఉల్లిగడ్డతోని పోతది."

నేను వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. మళ్ళీ విన్నాను. పాదాలు నావి, మాట దానికి. అంత పెద్ద సిద్ధాంతం అవ్వ నా అరికాళ్ళ మీద కట్టి, దాని చెవిలో చెప్పి వెళ్ళిపోయింది. అవ్వ పోయి రెండేళ్ళు. నాకెందుకు చెప్పలేదని అడుగుదామన్నా దారి లేదు. ఇదిగో, ఇది టైపు చేస్తుంటే చెవులు మళ్ళీ కాలుతున్నాయి. కిటికీ బయట వాన. ఎండ మీదికి నెట్టడానికి ఎండా లేదు, అవ్వా లేదు. ఇన్నేళ్ళకు అసలు పేరు నేనే పెట్టుకోవాల్సి వచ్చింది. చీర పోతే పోయింది గానీ, ఆ మాట నాకు దక్కాల్సింది. కాదని నా ముందుకొచ్చి అనగలరా?