పొట్లం కట్టిన ఓటు

మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో, తల్లాడ పక్కనున్న మా ఊళ్లో, మా తోడికోడలు వార్డు మెంబరుగా నిలబడింది. ఆమె గుర్తు గ్యాస్ పొయ్యి. దాని మీద స్వస్తిక్ ముద్ర వేసి, గుడిలో ఇచ్చిన కుంకుమను మడిచినట్టే బ్యాలెట్ కాగితాన్ని చిన్న పొట్లంగా మడిచి పెట్టెలో వేశాను. చేతి అలవాటు. బయటికొచ్చాక చూస్తే, మడిచిన వేళ్లకు ముద్ర సిరా. తడి ఆరకముందే మడిచానన్నమాట! పక్క గుర్తుకు కూడా అంటుకుంటే ఓటు చెల్లదేమో.

దాచలేక ఆమెకే చెప్పేశాను. అక్కా అనే పిలుస్తాను ఆమెను.

“ఏంది చెల్లె, ఓటుకు గూడ పొట్లం కట్టినవా? నీ భక్తి నా కొంప ముంచేటట్టున్నదే!” నవ్వింది గానీ ముఖంలో రంగు లేదు.

నేను బడికి వెళ్లలేదు. చదువంతా నాన్న ఇంట్లోనే చెప్పాడు. బడికి వెళ్లినవాళ్లకు ఇలాంటివి తెలుస్తాయేమోనని ఆ రోజు మొదటిసారి చిన్నబోయాను.

మధ్యాహ్నం బడిలో లెక్కింపు. మేమిద్దరం కిటికీ బయట నిలబడ్డాం. ఇద్దరు అభ్యర్థులకూ ఓట్లు సమానంగా వచ్చాయి. అనుమానమని పక్కన పెట్టిన కాగితం ఒక్కటే మిగిలింది. ఆ మడతలు చూడగానే తెలిసింది, అది నాదే.

“రెండు గుర్తుల మీదా ముద్రలున్నయ్ సార్, చెల్లదు. చీటీలెయ్యుండ్రి,” అన్నాడు అవతలి అభ్యర్థి ఏజెంటు.

అధికారి తొందరపడలేదు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాడు. “మీరే చూడండి. పొయ్యి మీద ముద్ర సరిగ్గా ఉంది. అవతలివాళ్ల స్టూలు మీదది మసగ్గా, అద్దంలోలా తిరగబడి ఉంది. మడిస్తే అంటుకున్నది. ఓటరు వేసింది ఒక్కటే.”

ఏజెంటు వంగి చాలాసేపు చూశాడు. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“అవ్ సార్,” అన్నాడు చివరికి. “స్వస్తిక్ గిట్ల ఉల్టా ఉండదు. మా ఇంట్ల గడప మీద రోజూ చూస్తనే ఉంట. రాసుకోండి, ఓటు పొయ్యికే.”

ఒక్క ఓటుతో అక్క గెలిచింది. నాకు ఏడుపాగలేదు.

ఆ ఏజెంటు కావాలంటే గొడవ చేయగలిగేవాడు. చేయమని వెనక నుంచి ఎగదోసినవాళ్లూ ఉన్నారు. కళ్లకు కనబడ్డదే చెప్పాడు. సాయంత్రం రాముడి ముందు దీపం పెట్టి, అక్క కోసం మొక్కుకునే ముందు, ఆ మనిషి ఇల్లు చల్లగా ఉండాలని మొక్కుకున్నాను.