అంటని టేపుతో అంట్లు

కరోనా తగ్గిన ఏడాది నన్ను ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ ఇంజినీరుగా వేశారు. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగు. జులైలో సీజన్ ముగిశాక పైపుల జాయింట్లన్నీ విప్పి, పైపు చివర్లోని మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి మళ్లీ బిగించాలి. ఆ తెల్లటి టేపుకు జిగురుండదు. మర తిరిగే వైపే లాగి చుడితే తనంతట తానే పట్టుకుని సందులు మూసేస్తుంది. యాసిడ్‌కు చెక్కుచెదరదు, ఆవిరి వేడికి కరగదు, ఏదీ దానికి అంటదు. ఎంత చుట్టినా చుట్టరికం కలుపుకోని రకమని మా ఫిట్టర్లతో అనేవాణ్ని.

ఆ నెలలోనే వచ్చిన గాలివానకు, పక్కనే నర్సరీ నడిపే మంగమ్మ గారి చిన్నరసం మామిడి చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. దాని కాయ కోసం మండలమంతా ఎదురుచూసేది. దాని కొమ్మల పుల్లలు వాడిపోయేలోగా, టెంకల నుంచి మొలిచిన మొక్కలకు అంటు కడితేనే ఆ చెట్టు సంతతి మిగులుతుంది. తీరా చూస్తే కట్టే ప్లాస్టిక్ రిబ్బన్ నిండుకుంది. నూజివీడు రోడ్డు మీదేమో చెట్లు అడ్డం పడి ఉన్నాయి. ఆవిడ మా గేటు దగ్గరకొచ్చి ఏదైనా టేపు ఇమ్మన్నారు.

టెఫ్లాన్ రీళ్లు ఇచ్చాను. ఇచ్చి ఊరుకోక, దీనికి ఏదీ అంటదని కూడా చెప్పాను.

“అంటు కట్టడానికి అంటని టేపిస్తారేంటండీ? మీరు ఇంజినీరేనా?”

“అంటుకోవాల్సింది పుల్లా మొక్కా కదండీ, టేపు కాదు. బిగువు చూసుకోండి చాలు,” అన్నాను.

ఆవిడకు నమ్మకం కుదరలేదు గానీ వేరే దారి లేదు. అప్పట్నుంచి నేను కనబడినప్పుడల్లా ఒకటే మాట: “ఈ అంట్లు అంటుకోకపోతే, మీ చేత మా ఇంట్లో అంట్లు తోమిస్తానండోయ్!”

ఆగస్టు చివర్లో కబురొస్తే వెళ్లాను. చాలా మొక్కలు రాగి రంగు చిగుళ్లు తొడిగాయి. ఆవిడకంటే నాకే ఎక్కువ సంతోషం కలిగింది. సొన కూడా అంటలేదేమో, టేపు బెరడును పీకకుండా ఊడొచ్చింది. ఒక వరస మాత్రం పూర్తిగా ఎండిపోయింది. ఇక టేపుకూ నాకూ కలిపి తిట్లే అనుకున్నాను. ఆవిడ ఒక కట్టు విప్పి చూపించారు. పుల్ల కోత వంకర పోయి మొక్కలో సరిగా కూర్చోలేదు.

“ఇది కత్తి మొద్దుబారాక కట్టిన వరసండీ. పాపం, మీ టేపేం చేస్తుంది?”

మా ఫ్యాక్టరీలో జాయింటు కారితే ఫిట్టర్లు పైన ఇంకో నాలుగు చుట్లు వేసేవారు. ఆ తర్వాత మాత్రం, కారిన జాయింటు విప్పి ముందు మర చూడాలన్న పద్ధతి పెట్టాను. టేపు సందును పూడుస్తుంది, అంతే. మర అరిగిపోయి ఉంటే ఎంత చుట్టినా కారుతుంది.